ఎనభై దాటిన గోడ

ఆగస్టు చివర, సల్వాలో,
సముద్రం మీంచి కౌస్ గాలి తిరిగిన రోజు
కారు దిగగానే కళ్ళద్దాలు గుడ్డివైపోతాయి.
తుడుచుకుని ఆ విల్లా లోపలికి వెళితే
హాల్లో పద్దెనిమిది డిగ్రీలు,
ఎవరూ కూర్చోని సోఫాలకు.

నా పని గోడల నాడి చూడడం.
రెండు సూదుల మీటరు, ఎర్రచుక్క తుపాకి,
తారిక్ ఇంజనీరు నూనెచేతులతో ఇచ్చిన పట్టిక.
గోడను ఆనుకున్న గాలిలో తేమ ఎనభై దాటాలి.
దాటి, అక్కడే కాపురం పెట్టాలి.
తినడానికి కాస్త జిగురో కాగితమో దుమ్మో దొరకాలి.
అప్పుడు బూజుకు తేదీ చెప్పొచ్చు,
కాన్పుకు చెప్పినట్టు, నాలుగు రోజులు అటూ ఇటూగా.
సున్న అంటే ఏమీ లేదు.
ఒకటి భూతద్దానికే తెలుస్తుంది.
మూడు దగ్గర మామూలు కంటికి ఆనుతుంది.
ఆరు అంటే
ఇక గోడను వెతుక్కోవాలి.

ఈ లెక్క నాకు కొత్తేం కాదు.
శెనక్కాయలు మూటకెత్తే ముందు
మా జేజినాయన గుప్పెడు తీసి చెవి పక్కన ఆడించేవాడు.
గలగలమంటే మూటకు,
మూగగా ఉంటే మళ్ళీ ఎండకు.
ఒక ఏడు మబ్బుకు భయపడి తొందరపడ్డాం.
మండీలో వ్యాపారి మూట విప్పి వాసన చూశాడు.
ధర చెప్పలేదు.
మళ్ళీ ముడి వేసి ఇచ్చాడు,
మా కంటే గట్టిగా.

హాలు గోడలు నాలుగూ పొడిగా ఉన్నాయి.
వాసన మాత్రం ఉంది.
మెట్ల కింద ఒక తలుపు. కొట్టాను.
"యా ఊరన్నా మీది?" అంటూ తీసింది మాబున్ని,
ఇస్త్రీ ఆవిరిలోంచి.
గదికి కిటికీ లేదు, ఏసీ లేదు.
ముప్పై రెండు డిగ్రీల గాలి
హాలు చలిని మోస్తున్న గోడకు తగిలి
కడవ వీపులా చెమర్చింది.
తుపాకి పేల్చాను: ఇరవై అయిదు.
చుక్క జారి ఆమె మోచేతి మీద పడింది: ముప్పై నాలుగు.

మంచం వెనక దుప్పటి ఎత్తి చూపించింది.
నేలనుంచి నల్లగా, అంచులు పచ్చగా,
పక్కనే పెన్సిలు గీతలు, వరసగా.
"బక్రీదుకు ఈడికుండె.
స్కూళ్ళు మూసేసిన్నాటికి ఈడికి.
వచ్చే జీతానికి స్విచ్చి కాడికొస్తాది, సూడు."
పట్టిక తీసి లెక్క వేశాను.
పంతొమ్మిది రోజులు.
జీతానికి పద్దెనిమిది.

తారిక్‌కు ఫోన్ చేశాను.
"బూజు ఎక్కడ?" "గోడకు అవతల."
"ఫిర్యాదు?" "ఇవతలివాళ్ళది."
"మరి మందు?"
"ఇవతలే. హాల్లో చలి ఇరవై నాలుగుకు తేవాలి."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
హాల్లో ఏసీ మీట మీద గాజు పెట్టె ఉంది,
దానికి తాళం ఉంది.
"రంగు వెయ్యి," అన్నాడు, "అవతల."

కడిగి, గీకి, రెండు పూతలు వేశాను.
గీతల దగ్గరికి వచ్చేసరికి
ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది.
"ఈ జానెడు ఒదిలెయ్ అన్నా. 
మన లెక్క తేలల్ల గదా."
వదిలేశాను.
రిపోర్టులో ఆ జానెడు సంగతి రాయలేదు.

జీతం రోజు ఫోటో పంపింది.
తెల్లరంగు మధ్య ఆ పట్టీ,
పట్టీలో పైకి పాకుతున్న నలుపు.
స్విచ్చికి నాలుగు వేళ్ళ కింద ఆగి ఉంది.
వెనకే గొంతు, నవ్వాపుకుంటూ:

"తప్పినామన్నా ఇద్దరమూ.
సేటోళ్ళు ఐదు దినాలు తుర్కీకి పోయినారు,
ఏసీ ఆపేసి.
నాకు కార్పెట్లు కడిగే పని జెప్పి పోయిరి గానీ,
గోడకైతే సెలవు దొరికె."